తోక కొస నుంచి అండం

మనిషి దేహంలోని లక్షల కోట్ల కణాల్లో దాదాపు అన్నీ ఆ దేహంతోపాటే అంతమయ్యేవి. చర్మకణమైనా, కాలేయకణమైనా, మెదడులోని నాడీకణమైనా ఎంతకాలం బతికినా, ఎన్నిసార్లు విభజన చెందినా, దాని వంశం ఆ మనిషి మరణంతో ముగిసిపోతుంది. ఈ నియమానికి లోబడనివి పురుషుడి శుక్రకణాలు, స్త్రీ అండాలు మాత్రమే. వీటినీ వీటికి పూర్వరూపాలైన కణాలనూ కలిపి బీజకణాలు అంటారు. ఈనాడు బతికి ఉన్న ప్రతి మనిషీ తన తల్లిదండ్రుల బీజకణాల నుంచి, ఆ తల్లిదండ్రులు తమ తల్లిదండ్రుల బీజకణాల నుంచి పుట్టినవారే కాబట్టి, వెనక్కి ఎంత దూరం వెళ్లి చూసినా ఈ దారం ఎక్కడా తెగినట్టు కనిపించదు.

జర్మన్ జీవశాస్త్రవేత్త ఆగస్ట్ వైజ్‌మన్ 19వ శతాబ్దం చివరి భాగంలో ఈ తేడాను ఒక సిద్ధాంతంగా నిలబెట్టాడు. బీజం నుంచి దేహం పుడుతుందే తప్ప దేహం నుంచి బీజం పుట్టదనీ, దేహానికి జరిగిన లాభనష్టాలేవీ బీజంలోకి చేరవనీ ఆయన వాదించాడు. దాన్ని నిరూపించడానికి తరం తర్వాత తరంగా చిట్టెలుకల తోకలు కత్తిరించి, వాటికి పుట్టిన పిల్లలన్నిటికీ నిండైన తోకలే ఉన్నాయని చూపించాడు. జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో కత్సుహికో హయాషి బృందం 2016లో ప్రకటించిన ప్రయోగాన్ని చదివినవారికి ఈ తోకలు గుర్తుకు రాక మానవు. ఎదిగిన చిట్టెలుక తోక కొస నుంచి తీసిన కణాలతోనే ఆ బృందం, ఏ దశలోనూ బతికి ఉన్న ఎలుక దేహం సాయం తీసుకోకుండా, గాజు పళ్లెంలో అండాలను తయారుచేసింది. ఆ అండాలు ఫలదీకరణ చెందాక ఆడ చిట్టెలుకల గర్భంలో పెరిగి పిల్లలుగా పుట్టాయి. ఆ పిల్లలు పెరిగి మళ్లీ పిల్లల్ని కన్నాయి.

దీంతో వైజ్‌మన్ గీసిన గీత చెరిగిపోయిందని తేల్చేయడం తొందరపాటే అవుతుంది. తోక కణం నేరుగా అండంగా మారలేదు. మొదట అది తాను తోక కణమన్న సంగతిని పూర్తిగా మరచి, పిండం తొలినాళ్లలో, అంటే దేహమూ బీజమూ ఇంకా వేరుపడని దశలో ఉండే కణంలా మారింది. అక్కడి నుంచి మళ్లీ బయలుదేరి బీజం దారి పట్టింది. వైజ్‌మన్ గీత ఉన్నచోటే ఉంది, కణాన్ని మాత్రం ఆ గీత పుట్టకముందటి కాలానికి వెనక్కి నడిపించారు. అలా ఏ రకం కణంగానైనా మారగల శక్తి ఉన్న కణాన్ని బహుశక్త మూలకణం అంటారు.

పిండం నుంచి తీసిన మూలకణాలను ప్రయోగశాలలో పెంచడం చిట్టెలుకల విషయంలో 1981లో, మనుషుల విషయంలో 1998లో సాధ్యమైంది. అయితే మానవ పిండాన్ని నష్టపరచకుండా అవి దొరకవన్న నైతికమైన చిక్కు ఈ పరిశోధనను చాలాకాలం వెంటాడింది. క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమనాకా, కజుతోషి తకహాషి 2006లో ఆ చిక్కుకు వేరే దారిలో పరిష్కారం కనిపెట్టారు. చిట్టెలుక దేహకణాల్లోకి కేవలం నాలుగు జన్యువులను ప్రవేశపెట్టి, అవి పిండ మూలకణాల్లాగే ప్రవర్తించేటట్టు చేశారు. మరుసటి ఏడాదే మనిషి చర్మకణాలతోనూ ఆ పని జరిగింది. ఇలా తయారైన వాటికి ప్రేరిత బహుశక్త మూలకణాలని పేరు, క్లుప్తంగా ఐపీఎస్ కణాలంటారు. 2012 నోబెల్ బహుమతిని యమనాకా, కప్ప కణాలతో ఈ ఆలోచనకు పునాది వేసిన జాన్ గర్డన్‌తో కలిసి అందుకున్నాడు.

ఐపీఎస్ కణాల నుంచి కొట్టుకునే గుండె కణాలను, కంటిపొర కణాలను తయారుచేయడం ఇప్పుడు అనేక ప్రయోగశాలల్లో జరిగే పనే. బీజకణాల తయారీ మాత్రం ఇరవై ఏళ్లుగా పరిశోధకులను ముప్పుతిప్పలు పెడుతూనే ఉంది. గుండె కణం గుండె కణంలా కొట్టుకుంటే దాని పని అది చేసినట్టే. అండం చూడటానికి అండంలా ఉన్నంత మాత్రాన అండం అయిపోదు. అది ఒక సుదీర్ఘమైన ప్రయాణం చేసి వచ్చిన కణం. ఆ ప్రయాణంలో దానికి ఏం జరిగిందన్నదే దాని విలువ. ఆ ప్రయాణం సహజంగా ఎలా సాగుతుందో తెలిస్తే తప్ప ప్రయోగశాల తలకెత్తుకున్న పని బరువు అర్థం కాదు.

మానవ పిండం వయసు మూడో వారానికి అటూ ఇటూగా ఉన్నప్పుడు, చుట్టుపక్కల కణజాలం పంపే రసాయన సంకేతాలు అందుకుని కొద్దిపాటి కణాలు దేహనిర్మాణమనే పెద్ద పని నుంచి పక్కకు తప్పుకుంటాయి. వీటిని ఆదిమ బీజకణాలంటారు. చిట్టెలుక పిండంలో ఇవి మొదట గుర్తుపట్టే వేళకు సుమారు 40 మాత్రమే. పుట్టినచోట ఇవి నిలవవు. పచ్చసొన సంచి గోడ దగ్గర బయలుదేరి, ముందుముందు పేగుగా మారబోయే గొట్టం వెంట పాకుతూ, అండాశయం అవుతుందో వృషణం అవుతుందో ఇంకా తేలని బీజకోశపు మొలకలను చేరుకుంటాయి. ఆ చేరుకునే క్రమంలోనే వాటి డీఎన్ఏ మీదున్న రసాయన గుర్తులు, ముఖ్యంగా ఏ జన్యువు పనిచేయాలో ఏది ఊరకుండాలో నిర్ణయించే మిథైల్ గుర్తులు, పలకను తడిగుడ్డతో తుడిచినట్టు చెరిగిపోతాయి. తల్లిదండ్రుల జీవితపు ఆనవాళ్లు చాలావరకు ఇక్కడ తుడిచిపెట్టుకుపోయి, కొత్త రాతకు చోటు ఏర్పడుతుంది.

ఆ తర్వాతి ఘట్టం క్షయకరణ విభజన. మనిషి దేహకణాల్లో 46 క్రోమోజోములుంటాయి; తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23. శుక్రకణంలోనూ అండంలోనూ 23 చొప్పునే ఉంటే గాని ఆ రెండూ కలిసినప్పుడు లెక్క మళ్లీ 46కు రాదు. అందుకని తల్లి వైపు క్రోమోజోము, తండ్రి వైపు క్రోమోజోము పక్కపక్కన జతకూడి, తమలోని కొన్ని ముక్కలు ఇచ్చిపుచ్చుకుని, ఆపైన విడిపోయి వేర్వేరు కణాల్లోకి వెళతాయి. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన పిల్లలు ఒకరిలా ఒకరు ఉండకపోవడానికి ఈ ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఒక కారణం. పురుషుల్లో ఇది యవ్వనంలో మొదలై జీవితాంతం సాగుతుంది. ఒక్కొక్క శుక్రకణం తయారు కావడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. స్త్రీలలో ఈ క్రమం మరీ వింతైనది. ఆడపిండం తల్లి గర్భంలో ఉండగానే దాని బీజకణాలు క్షయకరణ విభజన మొదలుపెట్టి, సగంలో ఆగి, ఆ స్థితిలోనే ఏళ్ల తరబడి నిరీక్షిస్తాయి. అంటే ఒక మనిషి పుట్టుకకు కారణమైన అండం, ఆ మనిషి తల్లి ఇంకా అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే తన విభజనను ఆరంభించింది. 20 వారాల ఆడపిండంలో ఇలాంటి కణాలు 60, 70 లక్షల దాకా ఉంటాయి. బిడ్డ పుట్టేనాటికి 10, 20 లక్షలకు, రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలకు తగ్గిపోతాయి. జీవితకాలంలో విడుదలయ్యేవి 400, 500కు మించవు.

ప్రయోగశాల ఈ మొత్తం కథను గాజు పళ్లెంలో మళ్లీ నడిపించాలి. తొలి గట్టి అడుగు 2011లో పడింది. క్యోటోలో మిచినోరి సైతో, అప్పట్లో ఆయన దగ్గరే పనిచేస్తున్న హయాషి కలిసి చిట్టెలుక మూలకణాలను ముందుగా రెండు రోజుల్లో పిండపు పైపొర కణాల స్థితికి తెచ్చి, ఆపైన బీఎంపీ4 అనే సంకేత ప్రోటీన్ అందించి, ఆదిమ బీజకణాల్లాంటి కణాలుగా మలిచారు. 'లాంటి' అన్న మాటను శాస్త్రవేత్తలు పట్టుబట్టి వాడతారు, అది వారి నిజాయితీ. బీజకణాలు సొంతంగా తయారుచేసుకోలేని పసి మగ చిట్టెలుకల వృషణాల్లో ఈ కణాలను ఉంచితే అవి నిజమైన శుక్రకణాలుగా ఎదిగాయి. వాటిని అండాల్లోకి సూదితో ఎక్కిస్తే ఆరోగ్యకరమైన పిల్లలు పుట్టాయి. మరుసటి ఏడాది అండాల వంతు వచ్చింది. బీజకణాల్లాంటి కణాలను పిండపు అండాశయ కణాలతో కలిపి ఆడ చిట్టెలుక దేహంలో నాటితే అక్కడ అండాలు పండాయి. రెండు సందర్భాల్లోనూ ప్రయాణంలోని చివరి మజిలీలను బతికి ఉన్న దేహమే దాటించింది. ఆ సాయం కూడా అక్కర్లేదని చూపడం వల్లనే 2016 నాటి ప్రయోగానికి అంత పేరు వచ్చింది.

ఆ పళ్లెంలో జరిగినదాన్ని కాస్త దగ్గరగా చూడటం మంచిది. తోక కొస నుంచి వచ్చిన ఐపీఎస్ కణాలు బీజకణాల్లాంటి రూపానికి వచ్చాక, వాటిని పన్నెండున్నర రోజుల వయసున్న ఆడ పిండాల బీజకోశం నుంచి తీసిన తోడుకణాలతో కలుపుతారు. కలిపిన కణాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని చిన్న ముద్దగా మారతాయి. దాన్ని ఒక పలుచని పొర మీద ఉంచి, కింద పోషకద్రవం, పైన గాలి తగిలేటట్టు మూడు వారాలు కాపాడతారు. ఈ లోపల ముద్దలో పుటికలు కనబడతాయి. పుటిక అంటే మధ్యలో ఒక లేత అండం, దాని చుట్టూ దాన్ని పోషించే కణాల వరుసలు. సంతానలేమి చికిత్సకు వెళ్లినవారు స్కానింగ్ గదిలో వినే 'ఫాలికిల్' అదే. ఒక్కొక్క పుటికను సన్నని సూదితో పక్కవాటి నుంచి విడదీసి మరో 11 రోజులు పెంచితే, లోపలి అండం నిండుగా ఎదిగి మిల్లీమీటరులో పన్నెండో వంతుకు దగ్గరగా వస్తుంది. చివరి రాత్రి హార్మోన్లు కలిపిన ద్రవంలోకి మార్చాక, ఆగిపోయి ఉన్న విభజన మళ్లీ కదిలి, అండం తన క్రోమోజోముల్లో సగాన్ని ఒక చిన్న బుడగలాంటి కణంలోకి నెట్టి అంచున వదిలిపెడుతుంది. సూక్ష్మదర్శిని కింద ఆ బుడగ కనిపించడమే అండం సిద్ధమైందనడానికి గుర్తు. మొత్తం కాలం అయిదు వారాలు, తల్లి దేహంలో చిట్టెలుక అండానికి పట్టే సమయం కూడా ఇంచుమించు అంతే. కణానికి తన గడియారం తనకు ఉంది, పళ్లెంలో పెట్టినంత మాత్రాన అది తొందరపడదు.

ఇలా తయారైన అండాలు ఫలదీకరణ చెంది రెండు కణాల పిండాలైనప్పుడు, వాటిలో పిల్లలుగా పుట్టినవి నూటికి మూడున్నర. ఎదిగిన చిట్టెలుక నుంచి తీసిన మామూలు అండాల్లో ఆ సంఖ్య 60 దాకా ఉంటుంది. ఈ శాస్త్రం అసలు ఎక్కడ నిలిచి ఉందో తెలుసుకోవాలంటే పుట్టిన పిల్లల ఫొటోల కన్నా ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని చూడటం మేలు. పళ్లెంలో పెరిగిన అండాల్లో చాలా వాటికి పైకి కనబడని లోపాలున్నాయి.

తర్వాతి ఏళ్లలో ఒక్కొక్క లోటూ పూడ్చే ప్రయత్నం జరిగింది. పిండం నుంచి తోడుకణాలు తీయడం మనుషుల విషయంలో ఊహకు కూడా అందని పని కాబట్టి, 2021లో హయాషి బృందం ఆ తోడుకణాలను సైతం మూలకణాల నుంచే తయారుచేసింది. అలా పళ్లెంలోనే అండమూ, అండాన్ని పోషించే ఇల్లూ రెండూ సిద్ధమయ్యాయి. 2023లో అదే బృందం మగ చిట్టెలుక కణాల నుంచి అండాలు తీసింది. మగ కణంలో ఎక్స్, వై అనే రెండు లింగ క్రోమోజోములుంటాయి. పెంపకంలో వై క్రోమోజోమును పోగొట్టుకున్న కణాలను ఏరి, విభజనలో పొరపాట్లను పెంచే ఒక రసాయనంతో మిగిలిన ఎక్స్ రెట్టింపైన కణాలను సాధించి, వాటిని అండం దారిలో నడిపించారు. 630 పిండాలను గర్భాల్లోకి చేరిస్తే ఏడు పిల్లలు పుట్టాయి, నూటికి ఒకటి. ఆ ఏడింటికీ తండ్రులు ఇద్దరు, జన్యుపరంగా తల్లి లేదు.

శుక్రకణాల పని ఇంకొంచెం మొండిది. వృషణంలోని సన్నని నాళాల గోడల్లో అంచెలంచెలుగా జరిగే ఆ తయారీకి తగిన చోటును పళ్లెంలో సృష్టించడం కష్టం. పసి చిట్టెలుకల వృషణపు తునకలను జెల్ దిమ్మ మీద, సగం ద్రవంలో సగం గాలిలో ఉంచి శుక్రకణాలు రప్పించవచ్చని యొకోహామాలో తకెహికో ఒగావా బృందం 2011లోనే చూపింది. చైనా శాస్త్రవేత్తలు 2016లో చిట్టెలుక మూలకణాలతో క్షయకరణ విభజనను పళ్లెంలోనే పూర్తిచేయించి, తోక ఇంకా మొలవని శుక్రకణ పూర్వరూపాలను సాధించి, వాటితో పిల్లలను పుట్టించామని ప్రకటించారు. 2022లో జపాన్ పరిశోధకులు చిట్టెలుక నుంచి పెద్ద ఎలుకకు ఈ విద్యను చేర్చారు. అక్కడ కూడా చివరి దశలను బతికున్న ఎలుక వృషణమే పూర్తిచేసింది.

మనిషి దగ్గరికి వచ్చేసరికి నడక బాగా నెమ్మదించింది. చిట్టెలుక పిండం లోతైన గిన్నెలా ఎదిగితే మానవ పిండం పలుచని బిళ్లలా ఎదుగుతుంది; బీజకణానికి దారి చూపే జన్యువులు కూడా రెండింటిలో ఒకటి కావు. కేంబ్రిడ్జ్‌లో అజీమ్ సురానీ, ఇజ్రాయెల్‌లో జేకబ్ హన్నా బృందాలు కలిసి మానవ మూలకణాల నుంచి ఆదిమ బీజకణాల్లాంటి కణాలు తయారుచేసినప్పుడు, చిట్టెలుకలో ఈ పనికి అవసరమే లేని సాక్స్17 అనే జన్యువు మనిషిలో మొదటి తాళంచెవి అని తేలింది. 2015లో ప్రకటితమైన ఈ ఫలితం చిట్టెలుకలో నేర్చిన పాఠాన్ని మనిషికి యథాతథంగా వర్తింపజేయరాదని గట్టిగా హెచ్చరించింది. కెన్యాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన సురానీ ఈ రంగానికి పెద్దదిక్కు వంటివాడు. సైతో, హయాషి ఇద్దరూ ఆయన ప్రయోగశాలలో పనిచేసి వెళ్లినవారే.

సైతో బృందం 2018లో మనిషి రక్తకణాల నుంచి వచ్చిన ఐపీఎస్ కణాలను, చిట్టెలుక పిండపు అండాశయ కణాలతో కలిపి సుమారు నాలుగు నెలలు పెంచి, అండానికి ముత్తవ్వ అనదగిన కణం దాకా తీసుకురాగలిగింది. ఆ కణం క్షయకరణ విభజన గుమ్మం ముందు ఆగిపోయింది. 2024లో అదే బృందం చిట్టెలుక కణాల తోడు లేకుండానే, బీఎంపీ సంకేతం సాయంతో, పాత గుర్తులు చెరిగిపోయే దశను మానవ కణాల్లో దాటించడమే కాక, ఆ కణాల సంఖ్యను వెయ్యి కోట్ల రెట్లకు పైగా పెంచి చూపించింది. ఈ క్షేత్రంలో ఇటీవలి అసలైన మేలిమలుపు ఇదే అనదగినది, ఎందుకంటే పరీక్షించడానికి కావలసినన్ని కణాలు ఇక చేతిలో ఉంటాయి. అయినా క్షయకరణ విభజనను సక్రమంగా ముగించి, ఫలదీకరణకు పనికివచ్చే మానవ అండంగానో శుక్రకణంగానో ఎదిగిన మూలకణం ఇంకా లేదు.

ఈ దీర్ఘ ప్రయాణాన్ని తప్పించుకునే అడ్డదారి ఒకటి 2025 సెప్టెంబరులో వెలుగులోకి వచ్చింది. అమెరికాలోని ఒరెగాన్ ఆరోగ్య, విజ్ఞాన విశ్వవిద్యాలయంలో షూఖ్రత్ మిటాలిపోవ్, పౌలా అమాటో బృందం దాత ఇచ్చిన అండం నుంచి కేంద్రకాన్ని తీసేసి, దాని స్థానంలో మరొక స్త్రీ చర్మకణపు కేంద్రకాన్ని ఉంచి, అండంలోని యంత్రాంగం చేతనే ఆ 46 క్రోమోజోముల్లో సగాన్ని బయటకు నెట్టించింది. అలా 82 అండాలు తయారయ్యాయి. ఫలదీకరణ తర్వాత నూటికి తొమ్మిది దాకా ఆరు రోజుల పిండం దశకు చేరాయి. కాని ఏ క్రోమోజోము ఉండాలో ఏది పోవాలో ఎంచుకునే ఏర్పాటు అక్కడ లేదు. ఒక జతలో రెండూ మిగిలితే మరో జతలో రెండూ పోయాయి, ముక్కలు ఇచ్చిపుచ్చుకోవడం జరగనే లేదు. పిండాలన్నీ లోపభూయిష్టమైనవే. చికిత్సగా పనికిరావాలంటే కనీసం దశాబ్దం పడుతుందని ఆ బృందమే ఒప్పుకుంది. అడ్డదారి ఎంత తెలివైనదైనా, సహజమైన దారిలో ఉన్న కాపలా దానిలో లేదు.

ఆ కాపలా మాట దగ్గర కాసేపు ఆగాలి. ప్రయోగశాలలో పుట్టిన బీజకణాన్ని బీజకణమని ఒప్పుకోవాలంటే దాని క్రోమోజోములు సరిగా జతకూడి, ముక్కలు మార్చుకుని, సక్రమంగా సగమయ్యాయని దశదశకూ చూపించాలనీ, దాని నుంచి పుట్టిన సంతానం ఆరోగ్యంగా ఉండి తానూ సంతానం కనగలగాలనీ పరిశోధకులు తమకు తామే కఠినమైన ప్రమాణాలు పెట్టుకున్నారు. వీటితోపాటు మరొక పరీక్ష ఉంది, అది ముద్రణకు సంబంధించినది. తల్లి నుంచి వచ్చిన ప్రతి (కాపీ) మాత్రమే, లేదా తండ్రి నుంచి వచ్చిన ప్రతి మాత్రమే పనిచేసే జన్యువులు వంద దాకా ఉన్నాయి. ఏ ప్రతి నోరు విప్పాలో, ఏది మౌనంగా ఉండాలో తెలిపే ముద్రలు అండంలో ఒక తీరున, శుక్రకణంలో మరొక తీరున పడతాయి. రెండూ తల్లి వైపువే అయిన, లేక రెండూ తండ్రి వైపువే అయిన జన్యుసంపదతో చిట్టెలుక పిండం బతకదని 1984లో సురానీ, అమెరికాలో మెక్‌గ్రాత్, సోల్టర్ విడివిడిగా చూపించడంతో ఈ ముద్రణ సంగతి బయటపడింది. 2004లో టోక్యోలో తొమొహిరో కోనో బృందం ఒక అండంలోని ముద్రలను శుక్రకణపు ముద్రల్లా కనబడేటట్టు మార్చి, 400కు పైగా అండాలతో ప్రయత్నించి, ఇద్దరు తల్లులు మాత్రమే ఉన్న చిట్టెలుకను పెంచి పెద్దచేయగలిగింది. వెదురు బొంగులో దొరికిన ఆడపిల్ల కథను తలచుకుని దానికి కగుయా అని పేరు పెట్టారు. 2023లో ఇద్దరు తండ్రుల పిల్లలకు ఆ కష్టం రాకపోవడానికి కారణం ఈ నేపథ్యంలో చూస్తే బోధపడుతుంది. మగ కణమైనా సరే, ఆదిమ బీజకణం నుంచి అండం దాకా పూర్తి దారి నడిచింది కాబట్టి పాత ముద్రలు చెరిగి, అండపు ముద్రలు వాటంతట అవే పడ్డాయి. దారి పూర్తిగా నడవడం ఎంత ముఖ్యమో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ లేదు.

ఇంకొక భయం కూడా తీసిపారేయదగినది కాదు. దేహం తన బీజకణాలను చాలా జాగ్రత్తగా కాపాడుకుంటుంది. ఒక తరం నుంచి మరో తరానికి బిడ్డలో కొత్తగా చేరే డీఎన్ఏ మార్పులు సుమారు 60, 70 మాత్రమే. చర్మకణాలు అలా కాదు, ఏళ్ల తరబడి ఎండ తగిలి వాటిలో ఎన్నో మార్పులు పేరుకుంటాయి. పళ్లెంలో నెలల తరబడి విభజన చెందే మూలకణాల్లో మరికొన్ని చేరతాయి. ఈ మార్పులు అండంలోకి చేరితే ఆ బిడ్డతో ఆగవు, ఆ బిడ్డ పిల్లల్లోకీ వెళతాయి. చిట్టెలుక రెండేళ్లు బతుకుతుంది కాబట్టి రెండు మూడు తరాలు గమనించి భరోసా పొందవచ్చు. మనిషి విషయంలో చివరి పరీక్ష ఒక బిడ్డ నిండు జీవితమే. అడిగి ఒప్పించలేని ఆ బిడ్డ మీద ఆ పరీక్ష పెట్టే హక్కు ఎవరికైనా ఎప్పుడు వస్తుందన్నదే ఈ రంగంలోని అన్నిటికన్నా బరువైన ప్రశ్న.

అలాగని ఈ పరిశోధన వద్దనడం న్యాయం కాదు. ప్రపంచంలో వయోజనుల్లో ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది. చిన్నతనంలో క్యాన్సర్ చికిత్స పొంది బీజకణాలన్నీ పోగొట్టుకున్న పిల్లలకు, ముప్ఫై ఏళ్లకే అండాశయం ఆరిపోయిన స్త్రీలకు, వృషణాల్లో శుక్రకణాలు పుట్టని పురుషులకు ఈనాటి టెస్ట్‌ట్యూబ్ విధానం దాత వైపు చూపించడం తప్ప ఏమీ చేయలేదు. పిల్లలు లేరన్న మాటను పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఏళ్ల తరబడి వినవలసి వచ్చే స్త్రీకి ఈ శాస్త్రం మీద ఆశ కలగడంలో తప్పేమీ లేదు. పిల్లలు పుట్టేదాకా వెళ్లకుండానే ఈ కణాలతో ప్రయోజనం కూడా ఉంది. క్రోమోజోములు ఎందుకు తప్పుగా విడిపోతాయి, నలభై దగ్గరపడ్డ స్త్రీల అండాల్లో ఆ తప్పులు ఎందుకు పెరుగుతాయి, గర్భస్రావాలకు మూలం ఎక్కడ ఉంది వంటి ప్రశ్నలను ఎవరి దేహాన్నీ నొప్పించకుండా పళ్లెంలో పరిశీలించవచ్చు. అయితే రచయిత, న్యాయశాస్త్ర ఆచార్యుడు హాంక్ గ్రీలీ వంటివారు చెప్పే మరో ముప్పును కూడా మరవకూడదు. అండాలు పదుల సంఖ్యలో కాక వందల సంఖ్యలో దొరికేరోజు వస్తే, పిండాలను రాశులుగా చేసి, జన్యువులు చదివి, నచ్చినదాన్ని ఏరుకునే అలవాటు మొదలవుతుంది. ఆడపిండాలను స్కానింగ్‌లో గుర్తించి తొలగించకుండా చట్టం చేయవలసి వచ్చిన దేశంలో ఈ హెచ్చరికను తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు.

చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉన్నాయి. ఇలాంటి కణాలతో సంతానం కలిగించడాన్ని బ్రిటన్ చట్టం అనుమతించదు. జపాన్ 2010 నుంచి వాటి తయారీని అనుమతిస్తూనే ఫలదీకరణను ఆపి ఉంచింది. పరిశోధన కోసం మాత్రం 14 రోజుల లోపు ఆ మెట్టు ఎక్కనివ్వవచ్చని అక్కడి నిపుణుల సంఘం 2025లో అభిప్రాయపడింది. భారతదేశంలో 2017 నాటి జాతీయ మూలకణ పరిశోధన మార్గదర్శకాలు మానవ పిండాన్ని 14 రోజులకు మించి ప్రయోగశాలలో పెంచడాన్ని నిషేధించాయి. 2021లో వచ్చిన సంతాన సాఫల్య విధానాల చట్టం దాతల వయసు దగ్గర నుంచి ఎన్నో నియమాలు పెట్టింది గాని, అది ఊహించినది మనిషి దేహం నుంచి సేకరించిన అండాలనూ శుక్రకణాలనూ మాత్రమే. చర్మకణం నుంచి వచ్చే అండానికి దాత ఎవరన్న ప్రశ్న ఆ చట్టం ముందుకు ఇంకా రాలేదు. వచ్చేలోగానే దానికి జవాబు సిద్ధం చేసుకోవడం మంచిది.

ఈ విద్య మొదట ఫలించేది మనుషుల్లో కాకపోవచ్చు. ఉత్తర తెల్ల ఖడ్గమృగాల్లో చివరి మగది అయిన సూడాన్ 2018 మార్చిలో మరణించాక, ఆ జాతిలో మిగిలినవి కెన్యాలోని ఒల్ పెజెటా అభయారణ్యంలో ఉన్న నాజిన్, ఫాతూ అనే తల్లీకూతుళ్లు మాత్రమే, రెండిటికీ గర్భం మోసే శక్తి లేదు. అదే జాతికి చెంది 2015లో మరణించిన నబీరే అనే ఆడ ఖడ్గమృగం కణాల నుంచి ఐపీఎస్ కణాలను, వాటి నుంచి ఆదిమ బీజకణాల్లాంటి కణాలను హయాషితో కలిసిన అంతర్జాతీయ బృందం 2022లో తయారుచేసింది. వన్యప్రాణుల కణాలను అతిశీతలంలో భద్రపరచడం అన్న పనికి ఇలాంటి రోజున అసలు విలువ తెలుస్తుంది. హైదరాబాద్‌లోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రానికి (సీసీఎంబీ) చెందిన లాకోన్స్ ప్రయోగశాల భారతీయ వన్యప్రాణుల వీర్యాన్ని, కణజాలాన్ని అలా దాచిపెడుతున్నది.

ఇక సంతానం కోసం ఆస్పత్రుల మెట్లెక్కుతున్న దంపతులు ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. భారతదేశంలో రక్తసంబంధమైన కొన్ని వ్యాధులకు చేసే ఎముక మజ్జ మార్పిడి వంటివి తప్ప, మూలకణాలను ఆమోదం పొందిన ప్రయోగాల వెలుపల చికిత్సగా వాడటానికి ఆ జాతీయ మార్గదర్శకాలు ఒప్పుకోవు. మూలకణాలతో కొత్త అండాలు, కొత్త శుక్రకణాలు తయారుచేసి ఇస్తామని ఎవరు చెప్పినా, ఎంత పెద్ద బోర్డు కట్టినా, ఆ మాట నమ్మి డబ్బు కట్టవద్దు. అలా పుట్టిన చిట్టెలుకలు ఉన్నాయి, ఎలుకలు ఉన్నాయి. అలా పుట్టిన మనిషి బిడ్డ ప్రపంచంలో ఇంతవరకు ఒక్కరూ లేరు.